గ్రహణం మొర్రి, జన్యు స్కోరు: నింద మళ్ళీ తల్లిమీదేనా?



'గ్రహణం మొర్రి' అన్న మాటలోనే నింద ఉంది. బిడ్డ పెదవి చీలి పుడితే, గ్రహణం వేళ తల్లి కదిలిందనీ, కత్తిపీట ముట్టుకుందనీ అంటారు. తండ్రిని ఎవరూ ఏమీ అడగరు. ఇప్పుడు గ్రహణం స్థానంలోకి విజ్ఞానం పేరుతో జన్యు ప్రమాద స్కోరు వస్తోంది. దీన్ని మనం స్త్రీల వైపునుంచి పరిశీలించాలి.

పిండం పెదవి 4 నుంచి 7 వారాల మధ్య రూపుదిద్దుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే సరిగా తెలియదు. పెదవి భాగాలు కలవకపోవడానికి సాధారణంగా ఏదో ఒక్క జన్యువు కారణం కాదు. అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు, పొగాకు, తల్లికున్న మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు కలిసి పనిచేస్తాయి. ఆ జన్యు ప్రభావాలను కూడితే వచ్చే అంకే ఈ స్కోరు.

ఆ అంకె ఎంత చెప్పగలదు? ప్రపంచంలో సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డ మొర్రితో పుడుతుంది. స్కోరు ఎక్కువున్నవారికి ప్రమాదం మూడు రెట్లు అనుకుందాం. వినడానికి భయంగా ఉంటుంది. కానీ అలాంటి 700 మందిలో మొర్రితో పుట్టేది ముగ్గురే, మిగిలిన 697 మందికి మొర్రి ఉండదు. పైగా ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న వారిమీద జరిగింది. 8వ క్రోమోజోముమీద కనుగొన్న ఒక ముఖ్యమైన గుర్తు వారిలో బలంగానూ, ఆసియా వారిలో బలహీనంగానూ కనిపిస్తోందని 2010లోనే తేలింది. అక్కడి లెక్క మన స్త్రీలకు ఎలా సరిపోతుంది?

బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి. అయినా స్కోరు కాగితం ఇంటికొస్తే 'లోపం' ఎవరిదంటారో మనకు తెలుసు. గర్భంలోని లోపాలు కనిపెట్టడానికని 1970లలో మన దేశానికొచ్చిన ఉమ్మనీటి పరీక్ష ఆడపిల్లల ఏరివేతకు సాధనమైంది. దాన్ని అరికట్టడానికి పోరాడి 1994లో చట్టం తెచ్చుకున్నాం. ఆ అనుభవాన్ని మరవకూడదు. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం స్త్రీది. ఆ హక్కును మనం వదులుకోం. అయితే అత్తింటివారి ఒత్తిడితో, అరకొర అంకెతో తీసుకున్నదాన్ని ఆమె నిర్ణయం అనలేం.

మొర్రి శస్త్రచికిత్సతో సరిచేయగలిగినది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఇదీ ఉంది. ఆ సేవ ప్రతి ఊరికీ అందుతోందా? అంగుడి చీలిన బిడ్డకు పాలు పట్టే పద్ధతి బాలింతకు ఎవరైనా నేర్పుతున్నారా? ఆపరేషన్ తర్వాత మాట నేర్పేవాళ్ళున్నారా? గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం మాత్రలు అందుతున్నాయా?

మన డిమాండ్లు ఇవి కావాలి. పరిశోధన సాగనివ్వండి, అందులో మన స్త్రీలకూ చోటుండాలి. కానీ ఆమె అనుమతి లేకుండా పరీక్ష వద్దు, ఆమెకు అర్థమయ్యేలా చెప్పకుండా ఫలితం వద్దు. గ్రహణం నిందనే ఇంకా వదిలించుకోలేదు. అంకెల నిందను నెత్తిన పెట్టుకోవద్దు.