కార్డు చేతిలో ఉంది, బిళ్ల ఎక్కడుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. రోజూ నడవండి, ఉప్పు తగ్గించండి అని చెప్పి దిగిపోవచ్చు. కానీ అవి మీలో చాలామంది నా నోటి నుంచే వినీ వినీ విసిగిపోయారు. అందుకని ఇవాళ వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. జబ్బు చేసిన మనిషికి ఇల్లు గుల్ల కాకుండా వైద్యం అందాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే సార్వత్రిక ఆరోగ్య రక్షణ అంటుంది. మన దేశమూ, మన చుట్టుపక్కల దేశాలూ ఆ దారిలో ఎంత దూరం వచ్చాయన్నది నా విషయం.

ముందుగా మన బ్యాచ్ మిత్రుడి సంగతి చెబుతాను. అతని అనుమతి తీసుకునే చెబుతున్నాను. నలభై ఐదో ఏట అతనికి బీపీ ఉందని తెలిసింది. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో బిళ్లలు ఒక నెల ఉండేవి, రెండు నెలలు ఉండేవి కావు. బయట కొనాలంటే డబ్బు కావాలి. పంట చేతికొచ్చినప్పుడు కొన్నాడు, రానప్పుడు మానేశాడు. తలనొప్పి కూడా లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆరేళ్లకు మెదడులో నరం చిట్లింది. 108 వచ్చింది, పట్నం తీసుకెళ్లింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరిగింది. ఆ పథకమే లేకపోతే అతనికున్న ఎకరంన్నర పోయేది, మనిషీ దక్కేవాడు కాదు. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే ఆపరేషన్‌కు అంత డబ్బు పెట్టగలిగిన ఏర్పాటు, ఆరేళ్లపాటు రోజుకో బిళ్ల ఎందుకు ఇవ్వలేకపోయింది? ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ ప్రశ్న నా వెంటే ఉంది.

జవాబు కోసం పక్క దేశాల వైపు చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనది ఆగ్నేయాసియా ప్రాంతం. నూట నలభై కోట్లు దాటిన మన దేశమూ, పది లక్షలు కూడా లేని భూటాన్, మాల్దీవులూ ఒకే గుంపులో ఉంటాయి. వైద్యసేవలు జనానికి ఎంతవరకు అందుతున్నాయో కొలిచే సూచిక ఒకటుంది. నూటికి లెక్కిస్తే ఈ ప్రాంతానికి 2010లో 47 మార్కులు, 2021లో 62. మా లెక్కల మాస్టారైతే ఫస్ట్ క్లాస్ అనేవారేమో. సేవలు పెరిగిన మాట నిజమే. కానీ ఆ సేవకు జేబులోంచి ఎంత పోయిందన్నది ఈ మార్కుల్లో ఉండదు, దానికి వేరే కొలత ఉంది. నా ప్రశ్న అక్కడే.

థాయ్‌లాండ్ దగ్గర కాసేపు ఆగుతాను. 2001లో ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2002 నాటికి దేశమంతా '30 బాట్ల వైద్యం' తెచ్చారు. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాట్లు ఇస్తే చాలు. అప్పటి మన డబ్బులో 35 రూపాయలకు లోపే. నిరుపేదలకు అదీ లేదు. ఉద్యోగుల పథకాల్లో లేని సుమారు నాలుగున్నర కోట్ల మంది ఇందులోకి వచ్చారు. 1997 ఆర్థిక సంక్షోభం దెబ్బ నుంచి ఆ దేశం అప్పటికింకా పూర్తిగా తేరుకోలేదు. అంత డబ్బు ఎక్కడిదని చాలామంది అన్నారు.

బయటివాళ్లకు 30 బాట్లే కనిపించాయి. నాకు మాత్రం దాని వెనకున్న ముప్పై ఏళ్లు కనిపించాయి. 1970ల నుంచే అక్కడ డాక్టరు చదువు పూర్తిచేసినవాళ్లు కొన్నేళ్లు పల్లెల్లో పనిచేయడం తప్పనిసరి. 1980లలో పట్నాల పెద్దాసుపత్రుల విస్తరణ కొంతకాలం ఆపి, ఆ డబ్బును మన తాలూకాల్లాంటి చోట్ల చిన్న ఆసుపత్రులకు మళ్లించారు. అలా పల్లెల్లో పనిచేసిన కుర్ర డాక్టర్లలో ఒకరైన సంగువాన్ నిత్యారంఫోంగ్ ఈ పథకానికి రూపకర్త అయ్యారు. దాన్ని నడిపే సంస్థకు మొదటి అధిపతీ ఆయనే. పథకం వచ్చేనాటికి ఆసుపత్రులు ఉన్నాయి, నర్సులు ఉన్నారు, మందులు ఉన్నాయి. చేతిలోకి కార్డు ఆ తరువాతే వచ్చింది.

డబ్బు ఇచ్చే పద్ధతి ఇంకా ముఖ్యం. మొదటి ఏడాది ప్రభుత్వం తలకు 1,202 బాట్ల చొప్పున బడ్జెట్ ఇచ్చింది. ఓపీ వైద్యానికి తాలూకా ఆసుపత్రికి, ఎంతమంది పేర్లు దాని కింద నమోదయ్యాయో లెక్కగట్టి డబ్బు ముందే ముట్టేది. రోగి వచ్చినా రాకపోయినా అంతే. ఇక ఆ ఆసుపత్రికి ఏది లాభం? బీపీ ఉన్నవాడు వేళకు బిళ్ల వేసుకుని పొలం పనికి పోవడమే లాభం. మన పథకాల్లో ఆపరేషన్‌కు ఇంతని ప్యాకేజీ ఉంటుంది. ఆపరేషన్ జరిగితేనే డబ్బు. జరగకుండా చూసినవాడికి ఏమీ రాదు.

అక్కడా అంతా సవ్యంగా జరగలేదు. మొదట్లో ఓపీ వరసలు పెరిగి, కొందరు డాక్టర్లు విసిగి ప్రైవేటుకు వెళ్లిపోయారు. ప్రభుత్వోద్యోగుల పథకానికి తలకు పెట్టే ఖర్చు ఇప్పటికీ సామాన్యుల పథకం కన్నా చాలా ఎక్కువ. అయినా ఆ దేశం వైద్యానికి పెట్టే మొత్తంలో జనం జేబులోంచి పోయేది పదో వంతు దరిదాపుల్లోనే ఉంది.

శ్రీలంక కథ ఇంకా పాతది. 1926లోనే కలుతరలో ఆరోగ్య యూనిట్ పెట్టి, మంత్రసానులను ఇళ్లకు పంపారు. 1951 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో రుసుము లేదు. 1930లలో లక్ష కాన్పులకు రెండు వేలమందికి పైగా తల్లులు చనిపోయిన దేశమది. ఇప్పుడు ఆ సంఖ్య ముప్పై ప్రాంతంలో ఉంది. 2016లో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది. 2022లో ఖజానా ఖాళీ అయ్యేసరికి అక్కడి ఆసుపత్రుల్లోనూ మందులు కరువయ్యాయి. తొంభై ఏళ్ల కష్టం కూడా ఖజానా మీదే ఆధారపడి ఉంది.

ఇండోనేషియా 2014 జనవరి 1న జాతీయ బీమా మొదలుపెట్టింది. పదేళ్లలో నూటికి తొంభైమందికి పైగా పేర్లు చేరాయి. కానీ పదిహేడు వేల దీవుల దేశం. తూర్పు దీవుల్లో పేరుంటుంది గానీ డాక్టరు దొరకడం కష్టం. ఇక్కడున్న ఉపాధ్యాయులకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. హాజరు పట్టీలో పేరున్న ప్రతి పిల్లవాడూ చదువుకున్నట్టు కాదు కదా.

ఇక మన సంగతి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కడం అప్పట్లో చిన్న విషయం కాదు. 2018లో కేంద్రం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. ఈ రెండూ ప్రధానంగా పడక మీద పడ్డవాడికి. మన ఇళ్లలో ఖర్చు తినేసేది మాత్రం ఓపీ, పరీక్షలు, మందుల షాపు. మన తెలుగువారైన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి గారి అధ్యక్షతన నిపుణుల బృందం 2011లోనే అవసరమైన మందులు అందరికీ ఉచితంగా ఇమ్మంది. దేశంలో వైద్యఖర్చులో జనం సొంతంగా పెట్టుకునేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం అని ప్రభుత్వ లెక్క. మంచి తగ్గుదలే. అది కోవిడ్ వల్ల ప్రభుత్వ ఖర్చు పెరిగిన ఏడాది అన్నదీ కలిపి చదువుకోవాలి.

మందులు చేర్చడం మన దేశంలో కాని పని అంటే నేను ఒప్పుకోను. తమిళనాడు 1990ల మధ్య నుంచి ఒక సంస్థ ద్వారా మందులన్నీ ఒకేచోట కొని ప్రభుత్వాసుపత్రులకు పంపుతోంది. 2021 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, 'మక్కళై తేడి మరుత్తువం' అని, అంటే జనాన్ని వెతుక్కుంటూ వైద్యం అని, బీపీ, షుగరు బిళ్లలు ఇంటికే చేరవేయడం మొదలుపెట్టారు. దాన్ని నడిపేది పల్లెల్లోని ఆడవాళ్లే.

ఈ మధ్యాహ్నం భోజనాల షెడ్డు పక్కన, పాత సైన్సు గదిలో, బీపీ చూసే ఏర్పాటు చేశాం. చూపించుకున్నవారి పేరు, ఊరు, బిళ్లలు ఎక్కడ తెచ్చుకుంటున్నారో ఒక పుస్తకంలో రాస్తాం. ఆ వివరాలు సంఘం తరఫున నెలనెలా ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలని, మందులు నిండుకుంటే అడగాలని కమిటీ వారిని కోరాను. సరేనన్నారు. సరేనన్న సంగతి ఈ సంచికలో అచ్చవుతుంది కాబట్టి ఇక తప్పించుకోలేరు.

మా మిత్రుడు మూడో వరుసలో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా లేవదు. నెలనెలా తనే ఊళ్లోని సబ్‌సెంటర్‌కు నడిచి వెళ్తాడు. పోయిన నెల నర్సమ్మ పదిహేను రోజులకే బిళ్లలు ఇచ్చిందట. పదహారో రోజు పొద్దున్నే మళ్లీ వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడట.