పెద్ద నర్సు - చిన్న నర్సు



నేను ముప్పదియైదేండ్లు ప్రసూతి వార్డులలో నర్సుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నదానను. ఒక వార్డులో పెద్ద నర్సునకును చిన్న నర్సునకును నడుమ మాట సాగనిచో రోగికి ఎట్టి ముప్పు వాటిల్లునో నేడు మీకు విన్నవింపదలచితిని.

గర్భిణులకు రక్తపుపోటు మితిమీరి మూర్ఛలు వచ్చుట మీరెరిగినదే. వానిని ఆపుటకు మెగ్నీషియం సల్ఫేటు అను మందును నాలుగు గంటల కొకమారు సూదితో నిత్తుము. మంచి మందే, కాని అది దేహమునుండి మూత్రముతో వెలువడవలయును. మూత్రము తగ్గినచో మందు రక్తములో పేరుకొనును. మొదట మోకాలిని తట్టినపుడు కాలు ఎగురుట మానును; పిమ్మట ఊపిరి సన్నగిల్లును. కావున ప్రతి మోతాదునకు ముందు మోకాలు, ఊపిరి, మూత్రము - ఈ మూడును పరీక్షింపవలయును.

ఒక రాత్రి నేనా మందును సూదిలోనికి తీసితిని. ప్రక్కనున్న పిల్ల చదువు ముగించి వచ్చి మూడు వారములైనను కాలేదు. "అమ్మా, మోకాలు చూచితిరా?" అని మెల్లగా నడిగెను. నాకు కోపము వచ్చినది. "నీవు పుట్టకమునుపే నేనీ మందు నిచ్చుచుంటిని" అంటిని. ఆమె తల వంచుకొన్నది, కాని తొలగిపోలేదు. "తప్పయిన క్షమింపుడు. ఒక్కమారు చూతము" అన్నది. చూచితిమి. కాలు కదలలేదు. మూత్రపు సంచి దాదాపు వట్టిదిగా నుండెను. మందు నాపి, డాక్టరుగారిని పిలిపించి, విరుగుడైన కాల్షియం గ్లూకొనేటును సిద్ధము చేసితిమి. తెల్లవారుసరికి తల్లి కోలుకొనెను. ఆమెను కాపాడినది ఆ పిల్ల ధైర్యమే.

అట్లని అనుభవము వ్యర్థమనరాదు. కొన్ని నెలలకు ఆ పిల్లయే, యంత్రము చూపిన రక్తపుపోటు సరిగా నున్నదని యొక బాలింతను విడిచి పోబోయెను. నేను నాడి పట్టితిని, వడివడిగా కొట్టుకొనుచుండెను. పొత్తికడుపుపై చేయి వేయగా గర్భాశయము గట్టిపడక మెత్తగా నుండెను. లోలోపల రక్తము పోవుచుండెను. డాక్టరుగారికి కబురంపి, ఆమె చేతిని నా చేతిక్రింద నుంచి మర్దనము నేర్పితిని. "ఏల చూడలేదు?" అని పదుగురిలో గద్దింపలేదు. గద్దించియుండినచో ఆమె మరెన్నడును నన్ను ప్రశ్నించియుండదు.

మా తొలినాళ్లలో పెద్ద సిస్టరు వచ్చిన లేచి నిలుచుటయే మర్యాద, మారుమాట కూడదు. నిలుచుట మంచిదే. కాని వంతు మారునపుడు రోగి స్థితిని ఒకరు చెప్పగా రెండవవారు విని, మరల పలికి సరిచూచుకొనుట అంతకంటె గొప్ప మర్యాదయని నాకు ఆలస్యముగా తెలిసినది.

మీ యిండ్లనుండియు ఆడపిల్లలు ఈ వృత్తిలోనికి వచ్చుచున్నారు. పెద్దల కెదురాడరాదని వారికి నేర్పుడు. ప్రాణముపైకి వచ్చినపుడు వినయముతో నోరు విప్పుట ఎదురాడుట కాదనియు నేర్పుడు. ఇక పెద్దలమైన మనము, చిన్నవారు ప్రశ్నించినపుడు కోపమునకు ముందు ఒక్కమారు మోకాలు చూతము.