గ్రంథి పెరిగితే ఏ ఆపరేషన్?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇది సభలో చెప్పుకునే సంగతి కాదంటారు. ఎవరికీ చెప్పుకోకనే నేను నాలుగేళ్ళు బాధపడ్డాను.

రాత్రికి అయిదారుసార్లు లేవడం, రేపల్లెలో బస్సెక్కే ముందు మంచినీళ్ళు మానెయ్యడం, వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోవడం. మాత్రలు కొంతకాలం పనిచేశాయి. చివరికి బాపట్లలో బంధువులింట పెళ్ళినాటి రాత్రి మూత్రం పూర్తిగా బంధించింది. పెళ్ళివారి కారులోనే ఆస్పత్రికి తీసుకుపోయి గొట్టం వేయించారు. తీస్తే మళ్ళీ అదే. స్కానింగులో ప్రోస్టేట్ 90 గ్రాములు. క్యాన్సర్ అనుమానం లేదన్నారు.

తెనాలిలో మా బావమరిది 45 గ్రాముల గ్రంథికి టి.యు.ఆర్.పి. చేయించుకుని నాలుగోనాటికి ఇంట్లో ఉన్నాడు. "నువ్వూ అదే చేయించుకో బావా" అన్నాడు. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! డాక్టరుగారు చెప్పినదంతా పాత డైరీలో గళ్ళు గీసి రాసుకున్నాను.

టి.యు.ఆర్.పి.లో కోత, కుట్లు ఉండవు. మూత్రమార్గం గుండా పరికరం పంపి, కరెంటు తీగతో ముక్కలుగా గీకి తీస్తారు. సుమారు 80 గ్రాముల దాకా బాగుంటుంది. వెనుక వాడిన గ్లైసిన్ ద్రవం రక్తంలోకి ఎక్కువగా చేరితే సోడియం పడిపోయేది. బైపోలార్ పద్ధతిలో సెలైన్ వాడతారు కనుక ఆ భయం లేదు. పొట్ట కోసి తీసేది పాత పద్ధతి. పెద్ద గ్రంథికీ పనికొస్తుంది గాని రక్తం ఎక్కువ పోతుంది, ఆస్పత్రిలో ఎక్కువ రోజులుండాలి. మూడోది హోల్మియం లేజర్, హోలెప్ అంటారు. పెరిగిన భాగాన్ని ఒలిచి మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ తురిమి లాగేస్తారు. ఎంత పెద్ద గ్రంథికైనా సరే. రక్తస్రావం తక్కువ. అయితే మిషను ఉంటే చాలదు, అలవాటైన చెయ్యి కావాలి.

నాకు గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. 90 గ్రాములు, ఈ మాత్రలు, రెండూ కలిసి లేజర్ వైపే మొగ్గాయి. ఆ మాత్రలు మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి. "ఇప్పటికి ఎన్ని చేశారండీ?" అని అడిగేశాను. డాక్టరుగారు నవ్వి లెక్క చెప్పారు. గుంటూరులో చేయించుకున్నాను.

రెండోనాడు గొట్టం తీశారు. తరువాత అయిదు వారాలు దగ్గినా, లేచినా చుక్కలు పడేవి. ప్యాడ్ పెట్టుకుని తిరిగాను. ముందే చెప్పారు కనుక బెంబేలు పడలేదు. ఇంకో మాట, ఆడవాళ్ళున్నారని దాచను: ఈ మూడింటిలో ఏది చేయించుకున్నా తరువాత వీర్యం చాలామందికి బయటికి రాక మూత్రాశయంలోకి పోతుంది. దంపతులిద్దరూ ముందే తెలుసుకోవాలి. తీసిన ముక్కను పరీక్షకు పంపారా అనీ అడగండి. ఇ.హెచ్.ఎస్. కార్డువారు ఏ పద్ధతికి అనుమతి వస్తుందో చేరకముందే కనుక్కోండి.

ఇప్పుడు రాత్రికి ఒక్కసారి లేస్తున్నాను. ఈ ఉదయం రేపల్లె బస్సులో సీసాడు నీళ్ళు తాగుతూ వచ్చాను.