మూలమును వ్యాఖ్యయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున గ్రంథములను గూర్చిన ప్రశ్న నొకదానిని మీ ముందుంచెదను. అంతర్జాలమున 2001వ సంవత్సరమున మొదలైన వికీపీడియా యను విజ్ఞాన సర్వస్వము గలదు. అందు ఆంగ్లభాషలో, యూదుల ధర్మగ్రంథమగు తోరాను గూర్చి అనేక వ్యాసములున్నవి. తోరా యనగా తెలుగు బైబిలులో ఆదికాండము మొదలు ద్వితీయోపదేశకాండము వరకు గల అయిదు కాండములు. ఒక్కొక్క కాండమునకు ఒక వ్యాసము గలదు. ఇదిగాక, యూదులు సంవత్సరము పొడుగున వారము వారము క్రమముగా పఠించు 54 భాగములకును వేర్వేరు వ్యాసములు గలవు. వీనిలో పూర్వపండితుల వ్యాఖ్యానములకు విశేషస్థానము గలదు. మూలమునకు వ్యాసముండగా వ్యాఖ్యలకు వేరు వ్యాసములేల? ఇదియే ప్రశ్న.

ఆక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు. చెప్పినదే చెప్పుట విజ్ఞాన సర్వస్వమునకు దోషము. అది మతబోధచేయు పీఠము కాదు. వ్యాఖ్యాత మాటను మూలవాక్యమని పాఠకుడు భ్రమపడు ప్రమాదమును గలదు.

అయినను ఒక్క ఉదాహరణము చూడుడు. ఒకని కన్ను పోగొట్టినవానికి కన్నే శిక్షయని నిర్గమకాండము 21వ అధ్యాయము విధించుచున్నది. ఇంతమాత్రమే చదివినవాడు యూదుల న్యాయస్థానములు కన్నులు పెరికించెడివని తలచును. కాని తాల్మూదు నందలి పండితులు దీనిని విచారించిరి. గ్రుడ్డివాడు మరియొకని కన్ను పొడిచినచో వానినుండి ఏమి తీయుదురని ప్రశ్నించిరి. కావున ఇచట విధింపబడినది ధనరూపమైన పరిహారమేయని నిర్ణయించిరి. అంగనష్టము, బాధ, వైద్యవ్యయము, పనిలేని దినముల కూలి, అవమానము అని పరిహారమునకు అయిదు పద్దులు వ్రాసిరి. వ్యాఖ్య నెరుగక మూలము నొక్కదానినే పట్టుకొనినచో, ఒక జాతినంతటిని క్రూరులనుగా నెంచిన పాపము పాఠకునకు చుట్టుకొనును.

వ్యాఖ్యకు స్వతంత్రమైన చరిత్రయు గలదు. ఫ్రాన్సుదేశమున ట్రువా నగరవాసియగు రాషీ (1040–1105) తోరాకు వ్యాఖ్య రచించెను. తేదీతో ముద్రితమై మనకు తెలిసిన హీబ్రూ గ్రంథములలో మొదటిది ఆ వ్యాఖ్యయే. అది 1475లో ఇటలీదేశమున, మూలము లేకయే, వేరు గ్రంథముగా వెలువడెను. 1524–25 సంవత్సరములలో వెనీసు నగరమున డేనియల్ బాంబర్గ్ ముద్రించిన ప్రతిలోనో, మూలమును నడుమ నుంచి రాషీ, ఇబ్న్ ఎజ్రాల వ్యాఖ్యలను చుట్టును కూర్చిరి. వేరుగా నిలుచుటయు, మూలమును విడువకుండుటయు రెండును ఆ సంప్రదాయముననే కలవు.

మన తెలుగువాడగు కోలాచల మల్లినాథసూరి మాట తలపుడు. రఘువంశమునకు ఆయన వ్రాసిన సంజీవని కాళిదాసుని కావ్యము కాదు. అట్లని కాళిదాసును గూర్చిన వ్యాసము చివర రెండు పంక్తులలో దానిని ముగించినచో మనము సమ్మతింతుమా?

లెక్కలు వ్రాయువాడను గనుక నా తీర్పును లెక్కల భాషలోనే చెప్పెదను. చిట్టా వేరు, ఆవర్జా వేరు. రెండింటిని ఒకే పుస్తకమున కలిపినచో లెక్క తేలదు. అయితే ఆవర్జాలోని ప్రతి పద్దునకును చిట్టా పుట సంఖ్య ఉండవలెను. లేనిచో ఆ పద్దు చెల్లదు. అట్లే వ్యాఖ్యలకు వేరు వ్యాసము లుండవలసినదే. కాని ఏ మాట మూలములోనిదో, ఏ మాట ఏ పండితుడు ఏ కాలమున చెప్పినదో స్పష్టముగా వ్రాయవలెను. పండితులు భేదించినచోట ఇరువురి మతములను చూపవలెను. మూలవ్యాసమునుండి వ్యాఖ్యకును, వ్యాఖ్యనుండి మూలమునకును దారి ఉండవలెను. ఈ నియమములు పాటింపని వ్యాసమును సంస్కరింపవలెను. సంస్కరణకు లొంగనిదానిని తొలగించినను తప్పులేదు.

మన బీరువాలలోను మూలములు కొన్ని, టీకలు కొన్ని గలవు. పరమతగ్రంథమును విమర్శింపబూనిన చదువరి, ఆ మతస్థులు దానికి చెప్పుకొను అర్థమును ముందుగా తెలిసికొనవలెనని మనవి చేయుచు విరమించుచున్నాను.