సూది వేయిస్తే పాలు ఎండిపోవు
(పాడి రైతుల గ్రామసభలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం)



నేను పశువుల డాక్టర్ని కాను. పథకాల సమాచారం మీకు చేర్చడం నా పని. అయినా ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

నేను పదో తరగతి చదివేటప్పుడు మాకు ఒక్కటే ముర్రా గేదె. ఆ పాల డబ్బులతోనే నా ఫీజు, ఇంటి వెచ్చాలు. టీకాలు వేసేవాళ్లు ఊళ్లోకి వచ్చారని తెలిసి, "సూదేస్తే పాలు తగ్గిపోతాయి" అని మా అమ్మ గేదెను చేలోకి తోలేసింది. తొలకరి పడ్డాక ఒక సాయంత్రం గేదె మేత ముట్టలేదు. రాత్రికి గొంతు కింద వాపు, గురక. తెల్లారేసరికి చనిపోయింది. గొంతువాపు వ్యాధి అన్నారు. అమ్మ కాపాడుకుందామనుకున్నది రెండు రోజుల పాలు. పోయింది గేదె.

టీకా వేస్తే కొన్ని పశువులకు రెండు మూడు రోజులు పాలు కాస్త తగ్గొచ్చు. సూది వేసిన చోట చిన్న వాపు రావచ్చు. తర్వాత మామూలైపోతాయి. ఇది దాచాల్సిన విషయం కాదు, భయపడాల్సిన విషయమూ కాదు.

ఏ టీకా, ఎప్పుడు?

1. గొంతువాపు, జబ్బవాపు: ఏటా వానాకాలం రాకముందే.
2. గాలికుంటు: ఆరు నెలలకోసారి. ఇది కేంద్రం 2019లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఉచితం.
3. బ్రూసెల్లా (ఈసుకుపోయే రోగం): 4 నుంచి 8 నెలల వయసు పెయ్య దూడలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారి.

బ్రూసెల్లా మనుషులకూ అంటుకుంటుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. పశువు ఈసుకుపోతే ఆ పిండాన్ని, మాయను ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. పాలు కాచకుండా తాగొద్దు, పిల్లలకు అసలే పట్టొద్దు.

మీరు చేయాల్సింది

టీకాలకు ముందు నట్టల మందు తాగించండి. పశువుకు జ్వరంగా ఉన్నా, నిండు చూడితో ఉన్నా సూది వేసేవారికి ముందే చెప్పండి. చెవికి వేసే 12 అంకెల ట్యాగు తీసేయకండి. టీకాల లెక్కకూ, బీమాకూ ఆ నంబరే ఆధారం.

పశువు మేత మానేసినా, గొంతు వాచినా, నోట చొంగ కారినా తెల్లారే దాకా చూద్దామనుకోవద్దు. జబ్బు పశువును మంద నుంచి వేరుగా కట్టి, 1962కు ఫోన్ చేయండి. ఫోన్‌కు డబ్బులు పడవు. ఊరి పేరు, పశువు వయసు, లక్షణాలు చెబితే సంచార వైద్య వాహనం పంపే ఏర్పాటు చేస్తారు. ఫోన్ కలవకపోతే మీ ఊరి పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి.

ఈసారి టీకాల వాళ్లు వచ్చినప్పుడు గేదెను చేలోకి తోలకండి, కొట్టంలోనే కట్టేసి ఉంచండి. మా అమ్మ మాట కూడా ఇదే.