ఎన్ని గంటలకు తిన్నావు?



పట్టాలందుకున్న యువ వైద్యులారా, రేపటి నుంచి రాత్రి డ్యూటీలో మీ ఈడు పిల్లలే మీ ముందుకొస్తారు. వాళ్లలో ఒకడు మ్యాజిక్ మష్రూమ్స్ తిని రావచ్చు. గుండె దడ, బీపీ, వణుకు, లేనివి కనబడటం. ఆ పుట్టగొడుగుల్లోని సిలోసిబిన్ ఒంట్లో సిలోసిన్‌గా మారి, మెదడులోని సెరటోనిన్ గ్రాహకాలను పట్టుకోవడం వల్ల వచ్చేవివి. చాలామందికి ఆరేడు గంటల్లో తగ్గిపోతాయి. చప్పుడు లేని గది, పక్కన ధైర్యం చెప్పే మనిషి, అవసరమైతే డయజిపామ్. లిథియం వాడేవాళ్లకు ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి అడగడం మరవకండి.

నా భయం అంతా వేరేచోట ఉంది. అడవిలో కోసింది ఏ జాతో తిన్నవాడికి తెలియదు. గలెరినా మార్జినేటా అనే విషపు పుట్టగొడుగు అచ్చం మత్తు పుట్టగొడుగులాగే కనిపిస్తుంది. అందులోని అమటాక్సిన్ ఉడికించినా పోదు. 1981లో అమెరికాలోని విడ్బీ దీవిలో అలా పొరబడి తిన్న ఒక టీనేజ్ అమ్మాయి చనిపోయింది. ఆ విషం తీరే మోసం: ఆరు నుంచి పన్నెండు గంటలు ఏమీ ఉండదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన రోగి తేరుకున్నట్టే ఉంటాడు, ఇంటికి పంపమంటాడు. కాలేయం దెబ్బతినేది సరిగ్గా అప్పుడే. కొన్ని కార్టినేరియస్ పుట్టగొడుగులైతే మూత్రపిండాలను రోజులు, ఒక్కోసారి వారాలు గడిచాక దెబ్బతీస్తాయి.

2021లో ప్రచురితమైన ఒక అమెరికా కేసు నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. బైపోలార్ జబ్బుకు మందులు మానేసిన 30 ఏళ్ల మనిషి, కుంగుబాటు తగ్గుతుందని ఎక్కడో చదివి, మత్తు పుట్టగొడుగుల కషాయాన్ని నరంలోకి ఎక్కించుకున్నాడు. అవయవాలు ఒకటొకటిగా చేతులెత్తేశాయి. రక్తం కల్చర్ చేస్తే అదే శిలీంధ్రం పెరిగింది. 22 రోజుల ఆసుపత్రి వాసం తర్వాత బతికి బయటపడ్డాడు. అతను వెతుక్కున్నది మత్తు కాదు, ఉపశమనం.

అందుకే చెబుతున్నాను, రోగి మంచం దగ్గర తీర్పరులు కాకండి. పోలీసులకు, నాన్నకు భయపడి కుర్రాడు అబద్ధం చెబుతాడు. ఇంట్లోవాళ్లను కాసేపు బయట కూర్చోమని, మెల్లగా అడగండి: ఏం తిన్నావు, ఎన్ని గంటలకు తిన్నావు, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి? ఆరు గంటలు దాటాక మొదలయ్యాయంటే కాలేయ పరీక్షలు చేయకుండా, మళ్లీ మళ్లీ చూడకుండా డిశ్చార్జి రాయొద్దు. మిగిలిన ముక్క ఉంటే కాగితం సంచిలో తెప్పించండి. అతనితో కలిసి తిన్నవాళ్లు ఎంత బాగున్నామన్నా సరే, ఆ రాత్రే పిలిపించండి.