పరిశోధనకు చేయూత

రక్తహీనత గురించి ఊరూరా తిరిగి వివరాలు సేకరించే పరిశోధక విద్యార్థిని ముందుగా కలవరపెట్టేది బస్సు చార్జీల లెక్కే. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఇలాంటివారికి పీహెచ్‌డీ ఫెలోషిప్పులు ఇస్తుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. ఒకసారి వెళ్లి రండి.

వైద్య విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి 1979లోనే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ మొదలుపెట్టింది. ఎంబీబీఎస్ చదువుతూనే, గైడు పర్యవేక్షణలో, రెండు నెలల పరిశోధన. నివేదిక ఆమోదం పొందాకే డబ్బు చేతికొస్తుంది. మనుషుల మీద చేసే అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. అది ఆలస్యమైతే శ్రమంతా వృథా, కాబట్టి ముందే అడగండి.

ఇక సదస్సులు. మీ పరిశోధన సారాంశం పంపేటప్పుడే రుసుములో రాయితీ, ప్రయాణ ఖర్చులు ఇస్తారేమో కనుక్కోండి. వేదికెక్కడానికి బెరుకైతే పోస్టర్‌తో మొదలుపెట్టండి. దాని ముందు ఆగి ప్రశ్నలడిగేవారితో తీరిగ్గా మాట్లాడవచ్చు.